చెయ్యి దానంతటదే విసురుకుంటే 108 పిలవాలా, తెల్లారేదాకా ఆగొచ్చా?

ఈసీఐఎల్ వాణి: మొన్న రాత్రి భోజనాల దగ్గర మా మామగారి ఎడమ చెయ్యి ఉన్నట్టుండి విసురుకోవడం మొదలైంది. కంచం ఎగిరిపడింది. మాట బాగుంది, మూతి వంకర పోలేదు. పొద్దున్న ఎమ్మారై తీసి స్ట్రోక్ అన్నారు. ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పుతోందట. ఇలాంటివాటికీ వెంటనే 108 పిలవాలంటాను. మీరేమంటారు?

మలక్‌పేట మాస్టారు: పక్షవాతమంటే చెయ్యి పడిపోవాలమ్మా. ఆడే చెయ్యి పక్షవాతమెలా అవుతుంది? షుగర్ చూశారా?

రాత్రిడ్యూటీ నర్సు: అవుతుంది మాస్టారూ. మెదడులో కదలికలకు కళ్లెం వేసే సబ్‌థాలమిక్ న్యూక్లియస్ దెబ్బతింటే రెండోవైపు చెయ్యీ కాలూ ఇలాగే విసురుకుంటాయి. హెమిబాలిస్మస్ అంటారు, అరుదు. షుగర్ బాగా పెరిగినా ఒక పక్క ఆడొచ్చు. అది ఆసుపత్రిలో తేలాలి. ఇక ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే గుండెలో గడ్డకట్టి మెదడుకెక్కుతుంది, స్ట్రోక్ ముప్పు దాదాపు 5 రెట్లు.

మలక్‌పేట మాస్టారు: చూశారా, షుగర్ అన్నాను!

కూకట్‌పల్లి బాబాయ్: మా నాన్న లేచి నిలబడితే చాలు, ఒక కాలు వణికేది. ఫిట్స్ మాత్రలు మింగించాం. చివరికి మెదడుకి రక్తం తీసుకెళ్లే మెడ రక్తనాళం పూడుకుపోయిందని తేలింది.

మలక్‌పేట మాస్టారు: వణుకు వేరు, విసురు వేరు. మా ఆవిడకి కనురెప్ప అదిరితే సీటీ, ఎమ్మారై, గుండె లయ చూసే 24 గంటల హోల్టర్ అన్నీ చేశారు. ఏమీ లేదన్నారు. ఆ బిల్లు నేను అప్పు చేసి కట్టాను. భయపెట్టడమే వాళ్ల వ్యాపారం.

ఈసీఐఎల్ వాణి: కనురెప్ప అదిరితే 108 పిలవమని నేనన్నానా?

రాత్రిడ్యూటీ నర్సు: కనురెప్పకి ఎక్కువసార్లు నిద్ర చాలకపోవడమే కారణం. ఉన్నట్టుండి, ఒకే పక్క, ఆపినా ఆగకపోతే లెక్క వేరు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి గడువు నాలుగున్నర గంటలే.

తార్నాక: రాత్రయితే ఈసీఐఎల్ నుంచి పంజగుట్ట నిమ్స్ దాకా రోడ్డు ఖాళీయే కదా?

మలక్‌పేట మాస్టారు: అదే అడుగుతున్నా. మీ ఇంట్లో మగవాళ్లు లేరా, రాత్రే తీసుకెళ్లడానికి?

ఈసీఐఎల్ వాణి: ఎందుకు లేరండీ! స్ట్రోకేమో అంటే ‘ఫోన్‌లో ఏదో చదివి హడావిడి చేస్తావు’ అన్నారు. మా బావగారు డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో చూసి షుగరేనని తేల్చేశారు. అచ్చం మీలాగే. ఇప్పుడేమో ‘ముందే ఎందుకు గట్టిగా చెప్పలేదు’ అని నన్నే నిలదీస్తున్నారు. 108 పిలవడానికి ఆ ఇంట్లో నాకు ఎవరి అనుమతి కావాలో అది చెప్పండి ముందు.

మలక్‌పేట మాస్టారు: నేను మీ బావగారిని కాదమ్మా. ఇంతకీ షుగర్ ఎంతుంది?

ఈసీఐఎల్ వాణి: 140.

రాత్రిడ్యూటీ నర్సు: 140కి చెయ్యి విసురుకోదు మాస్టారూ. వాణిగారూ, రక్తం పలచబడే మాత్రలు రాశారా? చెయ్యి కుదుటపడిందని ఇంట్లోవాళ్లు ఆపించేస్తారు, ఊరుకోకండి.