“పోరు” థీమ్: లోంగేవాలా డయోరమా బొమ్మలా, జింకల కుమ్ములాట మసకగా వస్తున్నాయి. తేడా ఎక్కడ?

గోదారి_ఫ్రేమ్ (ప్రశ్న)

మా ఫోటో క్లబ్బులో ఈసారి థీమ్ “పోరు”. ఓపెన్ విభాగానికి ఒకటి, నేచర్ విభాగానికి ఒకటి పంపాలి.

ఓపెన్‌కి 1971 డిసెంబరు నాటి భారత్-పాక్ లోంగేవాలా పోరు డయోరమా (చిన్న నమూనాలతో పేర్చిన దృశ్యం). 1/35 స్కేలు (అసలులో 35వ వంతు) టి-55 ట్యాంకు కిట్టు, దాని వెనక గాల్లో 1/72 హంటర్ విమానం. 30×30 సెం.మీ. థర్మోకోల్ మీద ఫెవికాల్ పూసి గోదావరి ఇసుక చల్లాను. టేబుల్ ల్యాంపు, ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 50 మి.మీ. లెన్సు, ఎఫ్/8. ఎంత తంటాలు పడ్డా బొమ్మ బొమ్మలాగే కనిపిస్తోంది.

నేచర్‌కి కృష్ణజింకల పోట్లాట. 500 మి.మీ. లెన్సు, 30 మీటర్ల దూరం, షట్టర్ 1/500 సెకను, ఎఫ్/5.6. ఒక పోతు కొమ్ములు షార్ప్‌గా వస్తే రెండోది మసక. దుమ్ము లేస్తే రెండూ మసకే. రెండింటికీ సలహా చెప్పండి.

చిన్నస్కేలు

డయోరమా వరకు నేను చెప్తా. మీ ఫోటోని పట్టిస్తున్నది మొట్టమొదట ఇసుక. ఏటి ఇసుక రేణువు అర మిల్లీమీటరు అనుకున్నా, 35తో గుణిస్తే 17 మి.మీ. గులకరాయి. థార్ ఎడారిలో మెత్తటి ఇసుక మీద నడవాల్సిన ట్యాంకు మీ ఫోటోలో కంకర రోడ్డు మీద నిలబడింది. ముగ్గుపిండిని పల్చటి నూలు గుడ్డలో జల్లించండి. జారిన పొడి 3 పాళ్లు, ఫెవికాల్ 1 పాలు, నీళ్లు 1 పాలు. పసుపు ఓకర్ అక్రిలిక్‌తో పాటు కాస్త గోధుమ రంగు కలపండి. ఒక పూతకి 3 మి.మీ. దాటొద్దు, దాటితే ఆరేటప్పుడు బీటలు తీస్తుంది. ఇంకోటి, థర్మోకోల్ మీద నేరుగా స్ప్రే డబ్బా రంగు కొట్టారో, అందులోని సాల్వెంటు దాన్ని కరిగించేస్తుంది. ముందు ఫెవికాల్ రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వండి.

రెండోది వెలుగు. సూర్యుడు ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే కనిపిస్తాడు, అందుకే ఎండలో నీడ అంచు కత్తిరించినట్టుంటుంది. అంత గట్టి నీడ కావాలంటే మీటరు దూరంలో పెట్టిన దీపం 9 మి.మీ. వెడల్పే ఉండాలి. టేబుల్ ల్యాంపు బల్బు 6 సెం.మీ., అదీ దగ్గర్లో! నీడ అంచు మెత్తబడగానే “ఇది చిన్న వస్తువు” అని కన్ను కనిపెట్టేస్తుంది. ఒంటి చుక్క ఎల్ఈడీ టార్చి దూరంగా పెట్టడం ఒక దారి. అంతకన్నా తేలిక, మేడ మీదకి తీసుకెళ్లి నిజం ఎండలోనే తీయడం. లోంగేవాలాలో రాత్రంతా పాకిస్తాన్ ట్యాంకులు మన సరిహద్దు పోస్టు మీద పడ్డాయి. మన వాయుసేన హంటర్లు జైసల్మేర్ నుంచి వచ్చింది 5వ తేదీ తెల్లవారాక. కాబట్టి మీకు కావలసింది వాలు ఎండే. పొద్దు పొడిచిన ముక్కాలు గంటకి సూర్యుడు సుమారు 10 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు నీడ వస్తువు ఎత్తుకి దాదాపు 5.7 రెట్లు. 1/35 ట్యాంకు ఎత్తు 7 సెం.మీ. దాకా ఉంటుంది, నీడ 40 సెం.మీ. మీ బేసు 30 సెం.మీ.! నీడ బేసు దాటి మేడ గచ్చు మీద పడితే కథ కంచికే. కనీసం 60×45 సెం.మీ. చెయ్యండి.

కెమెరా ఎత్తు కూడా చూసుకోవాలి. నిలబడ్డ మనిషి కన్ను 1.6 మీటర్లు, 1/35లో అది 4.6 సెం.మీ. మామూలు ట్రైపాడ్ అంత కిందికి దిగదు, బేసునే బల్ల అంచుకి జరిపి లెన్సుని ఆ మట్టానికి తీసుకురండి. ఫోన్‌తో అయితే ఫోన్‌ని తలకిందులు చేస్తే లెన్సు ఇసుకని తాకేంత కిందికి వస్తుంది.

ఇక హంటర్. 1/35 ట్యాంకు వెనక 1/72 విమానం పెట్టడం మంచి ఉపాయమే, చిన్న స్కేలు దూరాన్ని పెంచి చూపిస్తుంది. కానీ లెక్క వెయ్యండి. కెమెరాకి 90 సెం.మీ. దూరంలో వేలాడదీస్తే అది 65 మీటర్ల దూరంలో ఉన్నట్టు. రాకెట్లు వదిలే విమానం ట్యాంకు నెత్తి మీదకొచ్చి వదలదు. కనీసం 300 మీటర్లు చూపించాలంటే 1/72ని 4.2 మీటర్ల అవతల పెట్టాలి. 1/144 హంటర్ అయితే 2.1 మీటర్లు చాలు, మేడ మీద సరిపోతుంది. దారంతో వేలాడదీయొద్దు, గాలికి ఊగుతుంది. హంటర్‌కి తోకలో ఒకటే ఇంజన్ గొట్టం. అందులోకి వెనక నుంచి సన్నటి స్టీలు కడ్డీ దూర్చి స్టాండుకి బిగించండి. విమానం కెమెరా వైపు దూసుకొస్తున్నట్టు తిప్పితే కడ్డీ దాని వెనకే దాక్కుంటుంది. చక్రాల తలుపులు మూసి అంటించడం మర్చిపోవద్దు. చాలా కిట్లలో తెరిచి పెట్టేలా ఇస్తారు. చక్రాలు దించుకుని దాడి చేసే ఫైటరు ఉండదు కదా!

ఫోకస్ లోతు కోసం ఎఫ్/22కి పోకండి, అంత సన్నటి లెన్సు రంధ్రంలో వెలుగు చెదిరి (డిఫ్రాక్షన్) ఫ్రేమంతా మెత్తబడుతుంది. 24 సెం.మీ. వెడల్పు దృశ్యానికి ఎఫ్/8 దగ్గర షార్ప్‌గా వచ్చేది రెండున్నర సెం.మీ. ఎఫ్/16 దగ్గర 5 సెం.మీ. ట్యాంకు ఒళ్లే 17 సెం.మీ. ఉంది. ఎఫ్/8 లోనే ఉంచి, ముందు ఇసుక నుంచి వెనక దిబ్బ దాకా కొద్దికొద్దిగా ఫోకస్ జరుపుతూ 20–25 ఫ్రేములు తీసి హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కలపండి, దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు. వాలు ఎండ త్వరగా మారుతుంది, మొత్తం రెండు నిమిషాల్లో ముగించాలి. ఆలస్యమైతే నీడలు రెండు అంచులతో వస్తాయి.

ఇనపచక్రం

పైవారు ట్యాంకు సంగతి వదిలేశారు. లోంగేవాలాకి వచ్చినవి టి-59లు, కొన్ని షెర్మన్లు. టి-55 కాదు. టి-59 అంటే రష్యా టి-54ఏ నమూనాకి చైనా తయారీ. చూసే కన్ను మొదట వెతికేది టరెట్ (ఫిరంగి ఉన్న తిరిగే గుండ్రటి భాగం) పైకప్పు. టి-54, టి-59లకి కుడి వైపు, లోడర్ (గుండ్లు ఎక్కించేవాడు) మూతకి ముందు, పుట్టగొడుగులాంటి గాలి గుమ్మటం ఉంటుంది. టి-55లో అది తీసేశారు. టి-59 కిట్టే కొనడం ఉత్తమం. లేదంటే మిలిపుట్‌తో (గట్టిపడే ఎపాక్సీ ముద్ద) గుమ్మటం చేసి అతికించండి. ముందు రెండు చక్రాల మధ్య ఖాళీ రెండింటికీ ఉంటుంది, దాని జోలికి వెళ్లక్కర్లేదు.

జాడలు ఇంకా ముఖ్యం. ఆ యుద్ధం గురించి తెలిసినవాళ్లందరికీ గుర్తుండేది విమానం నుంచి తీసిన ఫోటోలే. దాడి తప్పించుకోవడానికి ట్యాంకులు గిరికీలు కొట్టిన గీతలు ఇసుక మీద సుడులు సుడులుగా కనిపిస్తాయి. మీ బేసు మీద ట్యాంకు వెనక తిన్నటి గీత గీస్తే తేలిపోతుంది. ట్రాకు వెడల్పు 58 సెం.మీ., 1/35లో 16.5 మి.మీ. మిశ్రమం సగం ఆరాక, వేలితో నొక్కితే గుంట పడి వేలికి అంటని పదునులో, మిగిలిపోయిన ట్రాకు ముక్కని దొర్లించండి. తిన్నగా వెళ్లినచోట పలకల అచ్చు స్పష్టంగా పడాలి. మలుపులో పడకూడదు. అక్కడ ట్రాకు పక్కకి ఈడ్చుకుంటూ పోతుంది, కాబట్టి అచ్చు చెరిపేసి, మలుపు బయటి అంచున 2–3 మి.మీ. గట్టు లేపండి. ట్యాంకుని కూడా అప్పుడే కూర్చోబెట్టాలి. ఆరిన నేల మీద పెడితే ట్రాకు కింద వెలుతురు కనబడుతుంది, ఇక పాతిక టన్నులు దాటిన బండి అని ఎవరూ నమ్మరు.

తుప్పు మరకలు వద్దు, ఎడారిలో కొత్తగా దిగిన బండికి దుమ్మే చాలు. మాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే ముసురు పట్టిన రోజు కొట్టొద్దు. గాల్లో తేమ పట్టి తెల్లగా పొగచూరినట్టవుతుంది. కోస్తాలో అయితే బ్రష్‌తో పూసే మాట్ మేలు.

పొగకి అగరుబత్తి వాడకండి, దాని సన్నటి మెలికలే స్కేలు చెప్పేస్తాయి. దూదిని పల్చగా విడదీసి తీగ చుట్టూ చుట్టి, అడుగున నలుపు, పైకి పోయేకొద్దీ బూడిద రంగు, అంతా ఒకే గాలివాటుకి వంగేలా. స్టాకింగ్‌లో కూడా దూది కదలదు, నిజం పొగ ప్రతి ఫ్రేములో మారి చిందరవందర చేస్తుంది.

దిబ్బమీద_జింక

జింకల సంగతికొస్తే, మీ 1/500 చాలదు. నడిచే జింకకి చాలు గానీ, కొమ్ములు తగులుకున్నాక తల విదిలించే వేగానికి 1/1600, కుదిరితే 1/2000. ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందన) పెరుగుతుందని వెనకాడొద్దు. దానివల్ల వచ్చే గరుకుని (నాయిస్) తగ్గించుకోవచ్చు, కదిలిన కన్నుని ఎవరూ బాగు చేయలేరు.

రెండో పోతు మసకవడానికి కారణం అపర్చరు (లెన్సు రంధ్రం, ఎఫ్ అంకె పెరిగితే సన్నబడుతుంది). 500 మి.మీ., 30 మీటర్లు, ఎఫ్/5.6 అంటే షార్ప్ లోతు 1.2 మీటర్లే. ఎఫ్/8కి 1.7, ఎఫ్/11కి 2.4. పోతులు అడ్డంగా నిలబడి తలలు కలిపినప్పుడు 1.2 సరిపోతుంది. కానీ అవి తోసుకుంటూ గుండ్రంగా తిరుగుతాయి, ఒకటి మన వైపు, ఇంకోటి అవతల వైపు అయినప్పుడు ఎఫ్/8 లేకపోతే దక్కదు. 50 మీటర్లకి జరిగితే ఎఫ్/8 కే 4.8 మీటర్లు వస్తుంది. దగ్గరికి పోవడం కన్నా కొంచెం దూరంగా ఉండి క్రాప్ చేసుకోవడమే నయం, జింకలకీ మంచిది.

దుమ్ము లేచినప్పుడు ఫోకస్ దుమ్ముని పట్టుకుంటోంది. ట్రాకింగ్ సెన్సిటివిటీని తగ్గించండి, అంటే మధ్యలో ఏదైనా అడ్డొచ్చినా పాత చోటునే పట్టుకుని ఉండే వైపుకి. ఫ్రేమంతా కాకుండా చిన్న జోన్ పెట్టి కొమ్ముల మొదలు మీద ఉంచండి. ఎండెక్కాక నేల సెగకి గాలి అలలు అలలుగా కదులుతుంది, అప్పుడు ఎంత ఖరీదైన లెన్సయినా మసకే. తొమ్మిది దాటాక సెట్టింగులు మార్చుకుంటూ కూర్చోవడం దండగ. జీపు ఇంజను ఆపండి, బానెట్ వేడి మీదుగా తీయకండి.

అసలు పోరు ఎప్పుడు మొదలవుతుందో జింకే చెప్తుంది. పోతు ముక్కు పైకెత్తి, చెవులు కిందికి వాల్చి, కొమ్ములు వీపుకి ఆనించి బిగుసుకుని నడుస్తుంది. ఎదుటిది కూడా అలాగే పక్కపక్కనే నడిస్తే వేలు షట్టర్ మీద పెట్టండి. ఒకటి తిరిగి తల దించిన క్షణం నుంచి కొమ్ములు తగలడానికి పట్టేది లిప్తపాటే. చాలాసార్లు ఆ నడకతోనే తేలిపోయి ఒకటి తప్పుకుంటుంది, అది కూడా పోరే, ఆ ఫ్రేమూ తీసి ఉంచండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్, మళ్లీ ఆగస్టు నుంచి అక్టోబరు ఎక్కువ ఉధృతి. మనకి రోళ్లపాడు అభయారణ్యం ఉంది, పోతులు గుంపుగా తలో జాగా పట్టుకుని కొట్టుకునే మైదానాలు చూడాలంటే గుజరాత్‌లోని వేళావదర్.

గోదారి_ఫ్రేమ్

అందరికీ చాలా థ్యాంక్సండీ. బేసు మళ్లీ మొదటి నుంచి చేస్తాను. ఇంకొక్కటి. జెర్రిపోతులు రెండు పెనవేసుకుని లేచిన ఫోటో ఉంది. అది సయ్యాట కదా, పోరు కిందికి రాదేమో అని పక్కన పెట్టాను.

పొలంగట్టు

పక్కన పెట్టకండి, అదే మీ నేచర్ ఎంట్రీ. ఊళ్లో అందరూ సయ్యాట అనేది చాలావరకు రెండు మగ జెర్రిపోతుల కుస్తీ. ముందు భాగం పైకి లేపి, తాళ్లలా మెలేసుకుని, ఎదుటిదాని తలని నేలకి అదమాలని చూస్తాయి. కరుచుకోవు. పడతాయి, మళ్లీ లేస్తాయి. జత కట్టేటప్పుడు ఆడది నేల మీదే పడుకుని ఉంటుంది, మగది దాని వీపు మీదుగా సాగి ఉంటుంది, తోకలు కలిసి ఉంటాయి. మీ ఫోటోలో తలలు గాల్లో ఉండి తోకలు విడిగా ఉంటే పోరే. తాచు, జెర్రిపోతు జత కడతాయన్న మాట కూడా ఇలాంటి దృశ్యం నుంచే పుట్టి ఉంటుంది. క్యాప్షన్‌లో “మగ జెర్రిపోతుల పోరు” అని రాయండి. సయ్యాట అని రాస్తే తెలిసిన జడ్జి అక్కడే మార్కు కోస్తాడు.

మళ్లీ దొరికితే 5–6 మీటర్ల దూరం నుంచి, 300 మి.మీ., నేల మట్టానికి కూర్చుని, వెనక గడ్డి దూరంగా ఉండే కోణం. ఒక్కోసారి అరగంట పైగా సాగుతుంది, హడావుడి పడక్కర్లేదు. చుట్టూ జనం చేరితేనే విడిపోతాయి.

చిన్నస్కేలు

నిబంధనలు ఒకసారి చదువుకోండి. మీ క్లబ్బు ఫియాప్ (అంతర్జాతీయ ఫోటోగ్రఫీ కళా సమాఖ్య) నేచర్ నిర్వచనం పాటిస్తే, నేచర్ ఎంట్రీలో గడ్డిపోచ చెరపడం కూడా కుదరదు. క్రాప్, వెలుగు సవరణ, నాయిస్ తగ్గించడం, సెన్సర్ మచ్చ తీయడం, ఫోకస్ స్టాకింగ్ లాంటివి మాత్రమే. కోడిపందెం ఫోటో పోరే కదా అని ఎవరైనా పంపుతారు. అది మనుషులు ఏర్పాటు చేసిన పోరు, నేచర్ కాదు. పైగా 1960 జంతుహింస నివారణ చట్టం కింద నేరం. ఓపెన్‌లో మాత్రం హంటర్‌ని విడిగా తీసి అతికించుకునే వెసులుబాటు ఉందేమో నిర్వాహకుల్ని అడగండి. ఉంటే 2 మీటర్ల అవతల స్టాండు పెట్టే బాధ తప్పుతుంది. కాకపోతే రెండు ఫ్రేములూ ఒకే పొద్దున, ఒకే ఎండ దిక్కులో తీయండి. ట్యాంకు నీడ ఎడమకి పడి, విమానం కడుపు మీద వెలుగు కూడా ఎడమ నుంచే వచ్చిందంటే మొదటి రౌండులోనే పక్కన పడేస్తారు.