క్విక్ యాక్‌లో రేంజ్‌లకు హద్దు పెట్టాలా, వద్దా?

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
క్విక్ అంటే నెట్‌లో డేటా పంపే ఒక పద్ధతి, ఏ నంబర్ ప్యాకెట్లు అందాయో అవతలికి చెప్పే రసీదు యాక్. అందులో వరసగా అందిన నంబర్ల గుంపు ఒక రేంజ్, మధ్యలో అందనివి గ్యాప్. పాత పద్ధతి టీసీపీలో ఇలాంటి రసీదే శాక్, దానికి చోటు లేకే హద్దు వచ్చింది. ప్యాకెట్ హెడర్‌లో ఆప్షన్లకు ఉన్నదే 40 బైట్లు, ఒక్కో బ్లాక్‌కి, అంటే ఒక్కో రేంజ్‌కి 8, టైమ్‌స్టాంప్ కూడా ఉంటే మూడు బ్లాకులతో సరి. క్విక్‌లో ఆ ఇబ్బంది ఎక్కడిది? అంకె 63 లోపుంటే ఒక్క బైటే, అంటే ఒక గ్యాప్, ఒక పొడవు కలిపి చాలాసార్లు రెండు బైట్లలో అయిపోతాయి. అయినా మా టీమ్‌లో 32 రేంజ్‌లు దాటనివ్వరు. నిన్న పాలకొండ బస్సులో ఫోన్‌లో లాగ్ తెరిచి కూర్చున్నాను. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే రేంజ్‌లు 50 దాటాయి, పాతవి కోసేశాం, దాంతో ఎప్పుడో అందిన డేటానే సర్వర్ మళ్లీ పంపింది. ఖర్చయ్యేది ఆ బస్సులో ఉన్నవాళ్ల డేటా ప్యాకే కదా. హద్దు తీసేయాలి.

కోట జంక్షన్, విజయనగరం:
తీసేయకు తమ్ముడూ. అవతలివాడు కావాలనే ఒకటి విడిచి ఒకటి నంబర్లు పంపాడనుకో, ప్యాకెట్‌కో రేంజ్ పుడుతుంది, నీ మెమరీ వాడి చేతికి పోతుంది. 2021లో వచ్చిన క్విక్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9000 కూడా గుర్తుపెట్టుకునే రేంజ్‌లకు హద్దు ఉండాలనే అంటుంది.
నీ తంటా వేరేచోట ఉందనిపిస్తోంది. మన యాక్ వాళ్లకి అందిందని తెలిస్తే అందులోని రేంజ్‌లు ఇక మోయక్కర్లేదు. కానీ ఫోన్ వీడియో దించుకుంటూ ఉత్త యాక్‌లే పంపుతుంటే వాటికి జవాబు రాదు, జాబితా పెరుగుతూనే ఉంటుంది. అప్పుడప్పుడు, రౌండ్ ట్రిప్‌కి (ప్యాకెట్ వెళ్లి జవాబు వచ్చేంత సేపటికి) ఒకసారి అనుకో, యాక్‌తో పాటు జవాబు రాబట్టే చిన్న పింగ్ ఫ్రేమ్ ఒకటి వెయ్యి.

నాగావళి గట్టు:
ఇప్పుడే కోడ్ చూశానన్నా, పింగ్ వేయట్లేదు. హద్దు ఉండాలంటే సరే, 32 మాత్రం ఒప్పుకోను. వంద రేంజ్‌లైనా మామూలుగా 200 బైట్లు, ప్యాకెట్‌లో హాయిగా పడతాయి.

కోట జంక్షన్:
వంద పెట్టుకో, నాకేం అభ్యంతరం లేదు. యాక్‌ని చదివేవైపే జాగ్రత్త. రేంజ్ కౌంట్ చూసి ముందే అంత మెమరీ తీసుకోకు, ఆ అంకె అవతలివాడు రాసింది, ఎంతైనా రాస్తాడు. ఒక్కో గ్యాప్, పొడవు జత చదువుతూ పో. గ్యాప్ 0 అంటే ఒక ప్యాకెట్ రాలేదని అర్థం. అందుకే ముందు రేంజ్‌లోని చిన్న నంబర్‌లోంచి గ్యాప్ తీసేసి ఇంకో 2 తీస్తేనే తర్వాతి రేంజ్‌లోని పెద్ద నంబర్ వస్తుంది. తీసేముందు చూసుకోకపోతే అన్‌సైన్డ్ (మైనస్ పట్టని) అంకె సున్నా కిందికి దిగబోయి ఎక్కడో ఆకాశంలో తేలుతుంది, ఇది పట్టుకోవడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. అలాంటిది వస్తే సర్దుకుపోవద్దు, ఫ్రేమ్ ఎన్‌కోడింగ్ ఎర్రర్ ఇచ్చి కనెక్షన్ మూసెయ్యి.