బోరు నీళ్లలో పీఫాస్: ఫిల్టరుకు ప్రభుత్వ సాయం అందినవారు ఉన్నారా?

న్యూజెర్సీలో ఉంటున్నాం. ఊరి నీటి పైపు మా వీధికి రాలేదు, ఇంటి బోరే దిక్కు. పరీక్ష చేయిస్తే, పీఫాస్ అనే ఎన్నాళ్లకూ కరిగిపోని పారిశ్రామిక రసాయనాల్లో ఒకటైన పీఎఫ్ఓఏ లీటరుకు 22 నానోగ్రాములని వచ్చింది. రాష్ట్ర పరిమితి 14, కేంద్రం 2024లో పెట్టినది 4. మరిగిస్తే పోయేది కాదు. అమ్మ వింటేనా! రోజూ పెద్ద గిన్నెడు కాచి, చల్లార్చి, పైన పళ్లెం మూస్తుంది.

ఇల్లంతటికీ కార్బన్ ఫిల్టరంటే వేల డాలర్లు అడుగుతున్నారు. 2021 మౌలిక వసతుల చట్టం నిధులు సొంత బోర్లకూ వాడవచ్చని చదివాను, కానీ ఆ డబ్బు రాష్ట్రాల చేతిలో ఉంటుంది. ఇక్కడి స్పిల్ ఫండ్‌కు (రసాయనాల కాలుష్యంతో నష్టపోయినవారికి పరిహారమిచ్చే రాష్ట్ర నిధి) కాలుష్యం బయటపడిన ఏడాదిలోపే దరఖాస్తు చేయాలట. ఎవరికైనా మంజూరైందా? ముందే ఫిల్టరు పెట్టించుకుంటే ఖర్చు తిరిగి ఇస్తారా, అనుమతి వచ్చేదాకా ఆగాలా? ఏ కాగితాలు అడిగారు?