‘మతిస్థిమితం’ అన్న మాట ఇక్కడ సరిపోతుందా?

సభ్యులకు నమస్కారం. నయం కాని వ్యాధితో ఉన్న మనిషి వైద్యుల సహాయంతో మరణాన్ని కోరుకోవడం గురించి రాసేటప్పుడు కారుణ్య మరణం, ఇచ్ఛామరణం, స్వచ్ఛంద మరణం అనే మూడు మాటలనూ ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నాం. మొదటి మాటలో కరుణ చూపేది పక్కవాడు. పోయే మనిషి ఏమన్నాడో అది చెప్పదు. తక్కిన రెండూ వినగానే భీష్ముడు గుర్తుకొస్తాడు. శంతనుడిచ్చిన ఆ వరానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. నేటి చట్టాలు ఇచ్చేది అటువంటి వరం కాదు: అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో 1997లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, వ్యాధి ఆరు నెలలలోపు ప్రాణం తీసేదేనని ఇద్దరు వైద్యులు నిర్ధారించాలి, రోగి నోటితో రెండుసార్లు, రాతలో ఒకసారి అడగాలి, మందు తన చేతులతో తానే తీసుకోవాలి. అందుచేత ‘వైద్య సహాయ మరణం’ అన్న మాటే, ఎంత పొడిగా వినిపించినా, నాకు నిజాయితీ గలదిగా తోస్తుంది.

నా అసలు సందేహం వేరు. ఇలా అడిగే మనిషికి ‘మతిస్థిమితం ఉండాలి’ అని రాస్తాం. మతిస్థిమితం లేదు అనగానే ఆ మనిషి మొత్తంగా లెక్కలోంచి పోతాడు. చూడవలసినది మాత్రం మనిషిని కాదు, ఆ ఒక్క నిర్ణయాన్ని. ఇంగ్లండు, వేల్సులలోని 2005 నాటి మానసిక సామర్థ్య చట్టం, అది మరణ సహాయం కోసం చేసినది కాకపోయినా, ఈ తేడాను చక్కగా పట్టుకుంది. విషయం అర్థమైందా, నిర్ణయించుకునేంతసేపు గుర్తుంటుందా, దానిని బేరీజు వేసుకోగలడా, తన నిర్ణయాన్ని ఏదో ఒక విధంగా తెలపగలడా అని అది అడుగుతుంది. ఆస్తి లెక్కలు చూసుకోలేని మనిషి తన చికిత్స సంగతి నిర్ణయించుకోగలగవచ్చు. పొద్దున ఉన్న సామర్థ్యం జ్వరం ముదిరిన రాత్రి ఉండకపోవచ్చు. కుంగుబాటు ఉన్నంత మాత్రాన సామర్థ్యం పోయినట్టు కాదు గాని, ఆ కుంగుబాటే బేరీజును ఒకవైపు మొగ్గించిందేమో చూడక తప్పదు. ఈ అర్థానికి ‘నిర్ణయ సామర్థ్యం’ అనవచ్చునా?

స్పందన: సామర్థ్యం అనగానే పనితనమే స్ఫురిస్తుందండీ. ‘విచక్షణ’ అందరికీ తెలిసిన మాటే కదా?

జవాబు: తెలిసిన మాటే గాని, విచక్షణలో మంచి వైపు నిలిచాడన్న మెప్పు కలిసి ఉంది. ఎదుటివారికి తెలివితక్కువగా కనిపించే నిర్ణయం తీసుకున్నంత మాత్రాన సామర్థ్యం లేదనరాదని ఆ చట్టమే చెబుతోంది. విచక్షణ అని రాస్తే, వైద్యునికి నచ్చని నిర్ణయం తీసుకున్న ప్రతివాడూ విచక్షణ లేనివాడైపోతాడు.

మరో స్పందన: ‘బలవంతం లేకుండా’ అన్న రక్షణ నిబంధన గురించి కూడా ఆలోచించండి. ఎవరూ ఒక్క మాటా అనకపోయినా, ఇంట్లోవాళ్లకు బరువయ్యానని తనలో తానే కుంచించుకుపోయి ‘సరే’ అనే మనిషి బలవంతం అన్న మాటలో ఇమడడు. మనకు ‘మొహమాటం’ అని ఒక మాట ఉంది. దస్తావేజులో అది తేలికగా కనిపిస్తుందేమో గాని, మంచం పక్కన కూర్చున్న వైద్యుడు ‘మొహమాటంతో అంటున్నారా?’ అని అడిగితే, ‘మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా?’ అన్న ప్రశ్నకు రాని జవాబు రావచ్చు.