వార్షిక ప్రదర్శన బహిష్కరణ: లలిత కళల విద్యార్థులకు ఇది తగిన మార్గమేనా?

మద్దిలపాలెం పాఠకుడు:

మన విశాఖపట్నం నగరంలోని ఒక లలిత కళల కళాశాల విద్యార్థులు ఈ ఏడాది వార్షిక ప్రదర్శనలో తమ పనులేవీ పెట్టబోమని తీర్మానించుకున్నారు. మట్టి బొమ్మలు కాల్చే విద్యుత్ కిల్న్ పాడై రెండు సెమిస్టర్లు గడిచినా బాగు చేయించలేదని, మెటీరియల్ ఫీజు కట్టించుకుంటూనే మట్టి, ప్లాస్టర్, కాన్వాసు తమచేతే కొనిపిస్తున్నారని, సాయంత్రం ఐదింటికల్లా స్టూడియోలకు తాళాలు వేస్తున్నారని వారి ఫిర్యాదు. వారం రోజులుగా తరగతులు మాని గేటు దగ్గర బైఠాయించారు. మొన్న జీవీఎంసీ (నగర పాలక సంస్థ) గాంధీ విగ్రహం దాకా ఊరేగింపుగా వెళ్లి, కాల్చని బొమ్మలను మెట్ల మీద పేర్చి నిరసన తెలిపారు. కోర్కెలు న్యాయమైనవేననడంలో నాకు సందేహం లేదు. అయితే ఏడాది పొడవునా చేసిన పనిని చూపించకుండా దాచుకోవడం ఎవరిని దెబ్బతీస్తుంది, యాజమాన్యాన్నా, విద్యార్థులనా? ఈ విషయం తెలిసినవారు తమ అభిప్రాయం రాయవలసిందిగా కోరుతున్నాను.

గాజువాక నుంచి ఒక తండ్రి:

మా అమ్మాయి అదే కళాశాలలో చిత్రకళ చివరి సంవత్సరం చదువుతోంది. నేను వెల్డరును. బొమ్మలు గీసి బతకగలదా అని బంధువులంతా అడిగినా, ఆమె చేతిలో ఉన్న విద్యను చూసి పంపించాను. మావంటి ఇళ్ల పిల్లలు ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదువుతున్నారు. హాజరు 75 శాతానికి తగ్గితే ఆ సొమ్ము రాదు. ఫీజు కట్టుకోగలిగిన ఇంటి పిల్లవాడూ మా అమ్మాయీ ఒకే గేటు దగ్గర కూర్చుంటున్నారు కానీ, ఇద్దరూ పోగొట్టుకునేది ఒకటి కాదు.

ప్రదర్శన సంగతి ఇంకా పెద్దది. ఏడాదిలో ఆ నాలుగు రోజులే బయటివారు కళాశాలలో అడుగుపెడతారు. డ్రాయింగు మాస్టర్లను వెతుక్కునే బడుల యజమానులు, హోటళ్లకు గోడబొమ్మలు వేయించేవారు, యానిమేషన్ కంపెనీలవారు వస్తారు. కిల్న్ బాగుపడితే వచ్చే ఏడాది పిల్లలకు మేలు జరుగుతుంది, సంతోషమే. మా అమ్మాయికి ఇక వచ్చే ఏడాది లేదు కదా.

రంగస్థల శాఖ విశ్రాంత ఉపాధ్యాయుడు:

గాజువాక తండ్రిగారి ఆందోళనను నేను తేలికగా తీసుకోవడం లేదు. అయినా ఈ ఊరి చరిత్రను ఒకసారి గుర్తు చేయవలసి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు 1930లో ప్రభుత్వ నిర్బంధకాండను నిరసిస్తూ పదవినే వదులుకున్నారు. 1966లో ఉక్కు కర్మాగారం కోసం విద్యార్థులు తరగతులు విడిచి వీధుల్లోకి వచ్చారు; నవంబరు 1న ఇదే నగరంలో పోలీసు కాల్పులు జరిగాయి, ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆనాడు ఆ పిల్లల తల్లిదండ్రులు కూడా పరీక్షల గురించి బెంగపడే ఉంటారు. వారు వీధిలోకి రాకపోతే ఆ కర్మాగారం వచ్చేదీ కాదు, మన గాజువాక ఈనాడు ఇలా ఉండేదీ కాదు.

కళకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు ఇక్కడ జరిగినప్పుడు, రచయితలు ఎటువైపు నిలుస్తారో తేల్చుకోవాలని నిలదీస్తూ ‘విశాఖ విద్యార్థులు’ పేరుతో ఒక కరపత్రం వెలువడింది. అదే ఏడాది జులై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడడానికి అది ఒక ప్రేరణ. ఆ రాజకీయాలతో నేను పూర్తిగా ఏకీభవించినవాణ్ణి కాను. కానీ విద్యార్థులు ఒక కాగితం మీద వేసిన ప్రశ్న తెలుగు సాహిత్యాన్ని రెండుగా చీల్చేంత బలమైనదని ఒప్పుకోక తప్పదు. నటుడు రంగం మీదికి రానన్నప్పుడే కంపెనీ యజమాని అతని మాట వింటాడని నలభై ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను. చిత్రకారుడికి ప్రదర్శన అటువంటిదే. విద్యార్థుల దగ్గర యాజమాన్యానికి అవసరమైన వస్తువు అదొక్కటే.

శిల్ప విభాగం పూర్వ విద్యార్థి:

మాస్టారి మాటలో బలం ఉంది, తండ్రిగారి మాటలోనూ నిజం ఉంది. అయితే ఇద్దరూ పక్కన పెట్టిన విషయం ఒకటుంది: కళాశాలలో పని జరిగే తీరు. చరిత్ర పాఠం ఒకటి తప్పిపోతే తోటివారి నోట్సు చూసి రాసుకోవచ్చు. మట్టి అలా ఆగదు. మన సముద్రపు గాలిలో మట్టి బొమ్మ లోపలి దాకా ఆరడానికే చాలా రోజులు పడుతుంది. తడి పూర్తిగా పోకముందే కాలిస్తే లోపలి నీరు ఆవిరై బొమ్మ కిల్న్‌లోనే పగిలిపోతుంది. ఆరిన బొమ్మను కాల్చకుండా ఉంచితే చేయి తగిలినా పెచ్చు ఊడుతుంది, నీళ్లు పడితే మళ్లీ ముద్దవుతుంది. కిల్న్ లేని రెండు సెమిస్టర్లంటే శిల్ప విద్యార్థికి రెండు సెమిస్టర్ల పని మిగలకపోవడమే. కనుక వారి కోపాన్ని అల్లరిగా చూడకండి. బహిష్కరించకపోయినా వారిలో కొందరికి ప్రదర్శనలో పెట్టడానికి ఏమీ లేదు.

ఇక పద్ధతి గురించి. పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులు 2015 జూన్ 12న తరగతులు బహిష్కరించి, చైర్మన్ నియామకానికి వ్యతిరేకంగా 139 రోజులు సమ్మె చేశారు. డైరెక్టరును ఘెరావ్ చేశారన్న కేసులో పోలీసులు అర్ధరాత్రి వచ్చి ఐదుగురిని అరెస్టు చేశారు. ఇంత జరిగినా ఆ చైర్మన్ 2016 జనవరిలో బాధ్యతలు స్వీకరించారు. ఆ సమ్మెలో పాల్గొని క్రమశిక్షణ చర్యకు గురైన సినీ దర్శకురాలు పాయల్ కపాడియా 2024లో కాన్ చలనచిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి అందుకున్నారు. దీన్ని చూపించి సమ్మె వల్ల ఎవరికీ నష్టం లేదని వాదించేవారు ఉన్నారు. నేను ఆ వాదనను అంగీకరించను. ఆమె పేరు మనకు తెలుసు, మధ్యలో ఆగిపోయినవారి పేర్లు తెలియవు. లండన్‌లో హార్న్సీ లలిత కళల కళాశాల విద్యార్థులు 1968 మే 28న కళాశాలను తమ చేతుల్లోకి తీసుకుని, పాఠ్యప్రణాళికనే తిరగరాయాలని వారాల తరబడి చర్చలు నడిపారు. చివరికి పార్ట్‌టైమ్ అధ్యాపకులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, చాలామంది విద్యార్థులకు తిరిగి ప్రవేశం దొరకలేదు. మన కళాశాలల్లో గెస్ట్ ఫ్యాకల్టీగా పనిచేస్తూ విద్యార్థుల పక్షాన మాట్లాడుతున్నవారి గురించి ఈ చర్చలో ఎవరూ ప్రస్తావించలేదు. మొదటి దెబ్బ వారికే తగులుతుంది.

అదే 1968 మేలో పారిస్‌లో జరిగింది వేరు. మే 14న అక్కడి లలిత కళల విద్యార్థులు స్టూడియోలను ఆక్రమించి, పనిని ఆపలేదు, పెంచారు. సిల్క్‌స్క్రీన్ మీద, అంటే సన్నని గుడ్డ జాలీ గుండా రంగు దించే పద్ధతిలో, వందలాది పోస్టర్లు అచ్చువేశారు. ఏ పోస్టరు మీదా వేసినవారి సంతకం లేదు. ఏది అచ్చుకు వెళ్లాలో సభలో అందరూ కలిసి నిర్ణయించేవారు. జూన్ 27న పోలీసులు ఖాళీ చేయించారు కానీ, ఆ పోస్టర్లను ఈనాటికీ కళాశాలల్లో పాఠంగా చూపిస్తున్నారు. మన దేశంలో 2007 మేలో బరోడా లలిత కళల విభాగంలో పరీక్ష కోసం పెట్టిన బొమ్మల మీద ఫిర్యాదు వచ్చి ఒక తెలుగు విద్యార్థి అరెస్టయినప్పుడు, తోటి విద్యార్థులు చేసింది కూడా ప్రదర్శనే. మన ప్రాచీన శిల్పంలోని శృంగార చిత్రాల ఫొటోలను గోడలకు పెట్టారు. దాన్ని మూసివేయడానికి ఒప్పుకోనందుకు డీన్ శివాజీ పణిక్కర్‌ను సస్పెండ్ చేశారు. చూపించకపోవడం కన్నా చూపించడమే ఎక్కువ భయపెట్టిందన్నమాట. కనుక ప్రదర్శన పెట్టండి. కాల్చని బొమ్మలను కాల్చనివిగానే పెట్టండి. ఒక్కొక్కదాని కింద అది తయారైన తేదీ, కిల్న్ ఆగిపోయిన తేదీ రాయండి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి. తరగతికి వెళ్లకూడదని సభ తీర్మానించవచ్చు. ఒక విద్యార్థిని మూడేళ్లు గీసిన కాన్వాసును గోడ మీద పెట్టకూడదని మెజారిటీ తీర్మానించగలదా? ఆ పని ఆమెది. మన రాష్ట్రంలో దశాబ్దాలుగా విద్యార్థి సంఘాల ఎన్నికలు లేవు. 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్న లింగ్డో కమిటీ సిఫార్సులు ఆ ఎన్నికల ప్రచారంలో అచ్చు పోస్టర్లను నిషేధించి చేతితో చేసినవాటినే అనుమతించాయి. ఎన్నికలంటూ ఉంటే ఆ విద్యలో మన పిల్లల్ని మించినవారు ఉండరు. అవి లేకపోవడం వల్ల గొంతు పెద్దదిగా ఉన్నవారే అందరి తరఫునా మాట్లాడవలసి వస్తోంది. ఈ తీర్మానం ఎలా జరిగిందో తెలిసినవారు చెప్పాలి.

నాలుగో సంవత్సరం విద్యార్థిని, శిల్ప విభాగం:

తీర్మానం జరిగిన సభలో నేనున్నాను కనుక సమాధానం నేనే ఇవ్వాలి. చేతులెత్తించి లెక్కించాము. మొదటి సంవత్సరంవారిని పిలవలేదు. హాస్టల్లో ఉండేవారే ఎక్కువమంది వచ్చారు. పెందుర్తి, అనకాపల్లి నుంచి వచ్చిపోయేవారు అప్పటికే బస్సెక్కి వెళ్లిపోయారు. అది లోపమేనని ఒప్పుకుంటున్నాను.

కానీ అన్నగారూ, మీరు చెప్పిన కాల్చని బొమ్మల ప్రదర్శన గురించి మేము ఆలోచించలేదని అనుకోవద్దు. ప్రదర్శన ప్రారంభమైతే రిబ్బను కత్తిరించేది ఎవరు? అతిథుల పక్కన నిలబడి ఫొటో దిగేది ఎవరు? ఆ ఫొటోలు గుర్తింపు సంస్థల తనిఖీకి పంపే నివేదికలో చేరతాయి. మేము చీటీ మీద ఏం రాసినా ఫొటోలో అది కనిపించదు. పోయిన ఏడాది కిల్న్ పక్కన నన్ను నిలబెట్టి తీసిన ఫొటో ఇప్పటికీ ప్రవేశాల కరపత్రం మీద ఉంది. అప్పటికే అది పనిచేయడం లేదు. కొత్తగా చేరే పిల్లలు నా ముఖం చూసి నమ్మి వస్తున్నారు, అది నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

పారిస్ విద్యార్థులకు స్టూడియో తాళాలు వారి చేతిలో ఉన్నాయి. మాకు ఐదింటికే తలుపులు మూస్తున్నారు.

శిల్ప విభాగం పూర్వ విద్యార్థి:

ఆ ఫొటో సంగతి నాకు తెలియదమ్మా. ప్రారంభోత్సవం యాజమాన్యం చేతిలో ఉన్నంతవరకు మీ అభ్యంతరం సరైనదే. అలాగైతే ప్రదర్శనను గేటు బయటికి తీసుకురండి. బీచ్ రోడ్డులో సాయంత్రం నడకకు వచ్చేవారిలో మీ తలుపు దాటి లోపలికి వచ్చినవారు ఎంతమంది ఉంటారు? అనుమతి కోసం అర్జీ పెట్టవలసి ఉంటుంది, ఆ కాగితం పని నేను చూసుకుంటాను. మట్టి బొమ్మలకు ఆ గాలి మంచిది కాదు, రేకుల పందిరి కావాలి.

గాజువాక నుంచి ఒక తండ్రి:

పందిరికి ఇనుప చట్రం నేను వెల్డింగ్ చేసి ఇస్తాను. కానీ ఒక మాట నేరుగా అడుగుతున్నాను తల్లీ. మా అమ్మాయి లోపల జరిగే ప్రదర్శనలోనే తన బొమ్మ పెడతానంటే మీరంతా ఆమెను ద్రోహిగా చూస్తారా?

నాలుగో సంవత్సరం విద్యార్థిని, శిల్ప విభాగం:

కొందరు చూస్తారు బాబాయ్‌గారూ, అబద్ధం చెప్పలేను. గురువారం మధ్యాహ్నం రెండింటికి మళ్లీ సభ పెడుతున్నాము; బస్సుల్లో వచ్చిపోయేవారు, మొదటి సంవత్సరంవారు కూడా ఉండేలా ఆ సమయం పెట్టాము. ఈసారి చీటీల మీద రహస్యంగా ఓటు వేస్తారు. తరగతుల బహిష్కరణ ఒక ప్రశ్న, ప్రదర్శన మరో ప్రశ్న. ఎవరి బొమ్మ వారి ఇష్టమన్న మూడో ప్రశ్నను నేను ప్రతిపాదిస్తాను, అది ఓడిపోవచ్చు కూడా. మీ అమ్మాయిని తప్పకుండా రమ్మనండి. ఆమె గీసిన రేవు చిత్రాన్ని నేను చూశాను, ఆరడుగుల కాన్వాసు అది, ఒక్కతే మోయలేదు. లోపలికైనా బయటికైనా రెండో కొస నేను పట్టుకుంటాను.