టెలిఫోన్ సహకార సంఘం మిగులు ఎవరికి: సభ్యులకా, ఊరికా, పక్క ఊరి ఫైబరుకా?

కాన్సస్ పల్లెవాసి

నేనుండేది కాన్సస్ రాష్ట్రంలో, గోధుమ పొలాల నడుమ ఒక చిన్న కౌంటీలో (మన జిల్లా లాంటిది). ఆసుపత్రిలో ఉద్యోగం. ఇక్కడ ఇంటర్నెట్ ఇచ్చేది పెద్ద కంపెనీ కాదు, ఒకప్పుడు రైతులు పెట్టుకున్న టెలిఫోన్ సహకార సంఘం. కనెక్షన్ తీసుకున్న ప్రతి ఇల్లూ సభ్యత్వం కిందకే వస్తుంది. వేల ఎకరాల ఆసామికైనా, అద్దె ఇంట్లో ఉండే నాకైనా ఓటు ఒక్కటే.

ఏటా ఖర్చులు పోను మిగిలినదాన్ని, ఎవరు ఎంత బిల్లు కట్టారో ఆ మేరకు వారి పేరున రాస్తారు. క్యాపిటల్ క్రెడిట్లు అంటారు. చేతికి వచ్చేది మాత్రం ఎన్నో ఏళ్ల తర్వాత. ఈలోగా ఆ డబ్బే సంఘానికి పెట్టుబడి.

వచ్చే నెల సర్వసభ్య సమావేశం. బోర్డు చెబుతున్నది ఇది: మా పల్లెల్లో ఫైబరు, అంటే వెలుగుతో ఇంటర్నెట్ మోసే సన్నని గాజు తీగ, వేయడం పూర్తయింది కాబట్టి ఇక పక్క పట్టణానికి వెళదాం. అక్కడ ఒక పెద్ద కంపెనీ పాత రాగి తీగలను పట్టించుకోకుండా వదిలేసింది. ఆ పని కోసం అప్పు చేస్తారు, క్యాపిటల్ క్రెడిట్ల చెల్లింపు కొన్నేళ్లు ఆపుతారు. హైస్కూలు పిల్లల స్కాలర్‌షిప్పులు, అగ్నిమాపక దళానికి సాయం, కౌంటీ సంతకు విరాళం మాత్రం యథాతథం.

ఊరికి సాయం చేయడం నాకు ఇష్టమే. పక్క పట్టణం సంగతే మింగుడు పడటం లేదు. ఆ పట్టణం మనది కాదు, అప్పు మాత్రం మనది. మీరేమంటారు?

లెక్కల మనిషి, ఒహాయో

మీకు ఇష్టమైనదాన్ని కూడా నేను ఒప్పుకోను. స్కాలర్‌షిప్పు చెక్కు ఎవరి డబ్బు? పెన్షను మీద బతికే ఒక ముసలావిడ బిల్లులోంచి వచ్చింది. దానం చేయాలనుకుంటే ఆవిడే చేసుకోగలదు. బోర్డు ఆవిడ తరఫున ఉదారంగా ఉండనక్కర్లేదు. సహకార సూత్రాల్లో ‘సమాజం పట్ల శ్రద్ధ’ ఉందని ఎవరో ఒకరు అంటారు. ఉంది, ఏడోది, 1995లో చేర్చారు. అంతకుముందు సంఘాలు ఊళ్లను గాలికి వదిలేశాయా?

పక్క పట్టణం విషయానికి వస్తే అసలు మెలిక పన్ను దగ్గర ఉంది. అమెరికా పన్ను చట్టం ప్రకారం టెలిఫోన్ సహకార సంఘానికి మినహాయింపు దక్కాలంటే ఆదాయంలో కనీసం 85 శాతం సభ్యుల నుంచే రావాలి. అందుకని బయటి ఊళ్లకు వెళ్లేటప్పుడు చాలా సంఘాలు పన్ను కట్టే అనుబంధ కంపెనీ ఒకటి పెడతాయి. అక్కడి వారు ఖాతాదారులే, సభ్యులు కారు. ఓటు లేదు, క్రెడిట్లు లేవు. లాభం వస్తే సరే. నష్టం వస్తే పూచీ మీ పల్లెలది. క్రెడిట్లు ఆపేసి బయట ఫైబరు పరచడాన్ని మా అమ్మమ్మ అయితే ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అనేది.

కెంటకీ నర్సు

లెక్కల మనిషి గారూ, మీ లెక్కలో మనుషులు కనబడటం లేదు. తూర్పు కెంటకీలో మాకు దగ్గరలోనే జాక్సన్, ఔస్లీ అని రెండు కౌంటీలు ఉన్నాయి. ఔస్లీ అమెరికాలోని అతి పేద కౌంటీల్లో ఒకటి. బొగ్గు పోయింది, పొగాకు పోయింది. మెక్కీ అనే చిన్న ఊళ్లో ఉన్న పీపుల్స్ రూరల్ టెలిఫోన్ కోఆపరేటివ్ 2014 నాటికి ఆ రెండు కౌంటీల్లో తన పరిధిలోని ప్రతి ఇంటి గడపకూ ఫైబరు చేర్చింది. మైలుకు దాదాపు 50,000 డాలర్లు ఖర్చయింది. వాహనం ఎక్కలేని కొండవాలుల్లో కేబులు లాగడానికి ఓల్డ్ బబ్ అనే కంచర గాడిదను వాడారు. కట్టుకథ కాదు, పత్రికలన్నీ రాశాయి.

ఆ తర్వాత ఇంట్లో కూర్చుని చేసే ఫోను ఉద్యోగాలకు అక్కడే శిక్షణ ఇచ్చే కేంద్రం వచ్చింది. రోజూ గంటలకొద్దీ కొండదారుల్లో కారు నడిపే బాధ కొందరికి తప్పింది. లాభం చూసుకునే ఏ కంపెనీ అయినా ఆ కొండలెక్కుతుందా?

లెక్కల మనిషి, ఒహాయో

ఎక్కదు. ఎందుకు ఎక్కదో కూడా చెప్పండి. ఆ 50,000 డాలర్లు సంఘం మిగులు కాదు. చాలావరకు సమాఖ్య ప్రభుత్వ అప్పులు, గ్రాంట్లు. వాటిపైన ఏటా యూనివర్సల్ సర్వీస్ నిధి నుంచి పల్లె టెలిఫోన్ సంస్థలకు సాయం వస్తుంది. ఆ నిధికి చందా కట్టేది మనమే. మీ ఫోను బిల్లు కింద చిన్న అక్షరాల్లో ఉండే పంక్తి చూడండి. రాష్ట్రాల మధ్య కాల్స్ ఆదాయం మీద వేసే ఆ చందా ఇప్పుడు 30 శాతం దాటింది. 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో ఆ ఏర్పాటు చెల్లుతుందని చెప్పింది కాబట్టి న్యాయం గురించి వాదించను. పొదుపు గురించి వాదిస్తాను. ఆకాశం నుంచి ఇంటర్నెట్ వస్తుంటే మైలుకు 50,000 ఎందుకు? 2021 చట్టం కింద పెట్టిన 42.45 బిలియన్ డాలర్ల బ్రాడ్‌బ్యాండ్ పథకంలో కూడా 2025 జూన్‌లో ఫైబరుకిచ్చిన ప్రాధాన్యం తీసేశారు.

పాత టెలికాం ఇంజనీరు, విజయవాడ

ఉపగ్రహం మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచినట్టు కనబడే పాత ఉపగ్రహాలకూ, కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే కొత్తవాటికీ పోలిక లేదు. కొత్తవి బాగా పనిచేస్తాయి. విసిరేసినట్టు ఉన్న ఒంటరి ఇంటికి అదే సరైన మార్గమని నేనూ అంటాను. అయితే ఒక ఉపగ్రహం నేల మీదకు వేసే సామర్థ్యాన్ని దాని కింద ఉన్న వాళ్లందరూ పంచుకోవాలి. పైగా ఆ ఉపగ్రహాల ఆయుష్షు కొద్ది ఏళ్లే. అవి రాలిపోతుంటే కొత్తవి పంపుతూ ఉండాలి.

ఫైబరు ఖర్చు గాజులో లేదు, తవ్వకంలో ఉంది. ఒకసారి పాతిపెట్టాక వేగం పెంచాలంటే రెండు చివరల ఉన్న పరికరాలు మారిస్తే చాలు. 2.5 గిగాబిట్ల వ్యవస్థ నడిచిన తీగ మీదే 10 గిగాబిట్లది నడుస్తోంది. రాగి ఫోను తీగ మీద నడిచే పాత ఇంటర్నెట్, డీఎస్ఎల్, అయితే అయిదు కిలోమీటర్లు దాటేసరికి నీరసించేది. ఫైబరు ఇరవై కిలోమీటర్ల దాకా మధ్యలో కరెంటు పెట్టె అవసరం లేకుండా పోతుంది. ఇళ్లు దూరంగా ఉండే పల్లెకు ఇంతకన్నా ఏం కావాలి?

ఒక లోపం మాత్రం సభలో అడగండి. పాత ల్యాండ్‌లైనుకు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టులు వచ్చేవి. ఇంట్లో కరెంటు పోయినా ఫోను మోగేది. ఫైబరు ఫోనుకు ఇంట్లోనే బ్యాటరీ ఉండాలి. టోర్నడోలు వచ్చే చోట, ఒంటరి వృద్ధులకు ఆ బ్యాటరీ ఎవరిస్తున్నారు? నా దృష్టిలో ఊరికి సాయమంటే సంత విరాళం కన్నా ముందు అది.

ఇంకొక మాట. ఈ సంఘాలు దయతో పుట్టలేదు. పెద్ద టెలిఫోన్ కంపెనీ పొలాల వైపు రాకపోతే ముళ్లకంచె తీగనే లైనుగా వాడుకుని మాట్లాడుకున్న రైతులు అక్కడివారు. విద్యుత్తుకు 1930లలో వచ్చిన సమాఖ్య అప్పులు టెలిఫోన్లకు 1949లో గానీ దొరకలేదు. ఈ సంఘాల్లో చాలా వాటి పుట్టుక ఆ తర్వాతే.

సిరిసిల్ల మనిషి

ఇంజనీరు గారు విద్యుత్తు మాట ఎత్తారు కాబట్టి మా ఊరి సంగతి చెబుతాను. ఆ అమెరికా పల్లె విద్యుత్ సంఘాల నమూనాలోనే 1970లో మా సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, మేమందరం సెస్ అనేది, పుట్టింది. కరెంటు అమ్మేది సభ్యుల సంఘమే. మరమగ్గాలూ, వ్యవసాయ మోటార్లూ దాని మీదే.

చూసినవాడిగా ఒక హెచ్చరిక. సంఘంలో డబ్బూ పదవీ ఉంటే రాజకీయం దానంతటదే వస్తుంది. 2022 డిసెంబరులో సెస్ డైరెక్టర్ల ఎన్నికకు పార్టీలు శాసనసభ ఎన్నికలంత హడావిడి చేశాయి. కాన్సస్ వాసి గారూ, మీ స్కాలర్‌షిప్పు చెక్కు పెద్ద అట్ట మీద రాయించి, బోర్డు సభ్యుడు పిల్లవాడి పక్కన నిలబడి ఫొటో దిగుతాడా? దిగితే అందులో కొంత ప్రచార ఖర్చు ఉన్నట్టే. ఎవరికి ఇవ్వాలో బోర్డుతో సంబంధం లేనివారు నిర్ణయించాలి.

అయినా సంఘం మేలే అంటాను. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ చూడండి. కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగి, 2017లో నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి ఇస్తామని వచ్చింది. ధర గొప్పదే. కానీ తీసుకున్నవాడు వినియోగదారుడు మాత్రమే. కేబులు తెగితే ఫిర్యాదు చేయగలడు, బోర్డును దించలేడు.

కాన్సస్ పల్లెవాసి

ఫొటో దిగుతారు. అట్ట చెక్కుతోనే.

కానీ లెక్కల మనిషి గారికి ఒక మాట. మా అగ్నిమాపక దళంలో జీతగాళ్లు లేరు, అందరూ స్వచ్ఛంద సేవకులే. సంఘం వారికిచ్చేది డబ్బు కాదు, ఉచితంగా లైను. 2020లో బడులు మూతపడ్డప్పుడు గ్రంథాలయం బయట వైఫై పెట్టింది. పిల్లలు కార్లలో కూర్చుని పాఠాలు రాసుకున్నారు. సంఘానికి అందులో అదనంగా అయిన ఖర్చు ఏపాటిది? దీన్ని కూడా ముసలావిడ బిల్లులో రాస్తారా?

లెక్కల మనిషి, ఒహాయో

రాయను. ఉన్న లైను వాడనివ్వడం వేరు, చెక్కు రాయడం వేరు. మొదటిదానికి నా ఓటు.

కెంటకీ నర్సు

అయితే మీ ఇద్దరికీ నచ్చని మాట ఒకటి చెబుతాను. గడప దాకా ఫైబరు వచ్చినా లోపలికి తెచ్చుకోలేని ఇళ్లు నాకు తెలుసు. నెలకు 30 డాలర్ల దాకా బిల్లు తగ్గించిన సమాఖ్య పథకం మీద 2 కోట్ల 30 లక్షల కుటుంబాలు ఆధారపడ్డాయి. నిధులు లేవని 2024 జూన్‌కల్లా ఆపేశారు. మధుమేహం రోగులను వీడియోలో చూసే మా క్లినిక్‌కు ఆ తర్వాత కొందరు రావడమే మానేశారు, వీడియోకూ రారు, నేరుగానూ రారు. స్కాలర్‌షిప్పు తీసుకున్న పిల్లవాడు బాగా చదువుకుని నగరానికి పోతాడు, నాకేమీ అభ్యంతరం లేదు. ఊళ్లో మిగిలేది వాడి నాయనమ్మ. ఆ విరాళాల డబ్బు ఆవిడ బిల్లుకు ఇవ్వండి.

లెక్కల మనిషి, ఒహాయో

సభ్యులందరూ సమానమన్న సంఘంలో ఒకరి బిల్లు ఇంకొకరు కట్టడం ఎలా? దానికి వేరే నిధి పెట్టి, ఇష్టమైనవారు తమ బిల్లు మీద చిల్లర కలిపి కడితే మంచిది. విద్యుత్ సంఘాలు కొన్ని అలా బిల్లును పై డాలరుకు సరిచేసి ఆ సెంట్లు పోగుచేస్తాయి. ముందుగా అనుమతి అడిగితే నాకు పేచీ లేదు.

సిరిసిల్ల మనిషి

పక్క పట్టణం ప్రశ్నకు ఎవరూ తిన్నగా జవాబు చెప్పలేదు. నాకు తోచింది: వాళ్లను ఖాతాదారులుగా కాదు, సభ్యులుగానే చేర్చుకోండి. అప్పుడు వారి బిల్లు సభ్యుల ఆదాయమే అవుతుంది. లెక్కల మనిషి గారి 85 శాతం గొడవ తీరుతుంది. క్రెడిట్లూ వారి పేరున పడతాయి, నష్టమొచ్చినా అందరూ కలిసి భరిస్తారు. అనుబంధ కంపెనీ ఎందుకు?

లెక్కల మనిషి, ఒహాయో

ఈ మాట బాగుంది. 2017 పన్ను చట్టం తర్వాత ప్రభుత్వ గ్రాంటును కూడా సభ్యేతర ఆదాయంగా లెక్కించి మినహాయింపు పోతుందేమోనని సంఘాలు భయపడ్డాయి. 2019 చివర్లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) దాన్ని సరిచేసింది. కాబట్టి ఆ దారిలోనూ అడ్డు లేదు. నిబంధనావళి ఒప్పుకోవాలి, అంతే.

కాన్సస్ పల్లెవాసి

ఇదే నేను మొన్న ఒక బోర్డు సభ్యుడిని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. తర్వాత ఇంటికొచ్చి ఆలోచిస్తే అర్థమైంది. ఆ పట్టణంలో ఇళ్లు మా కౌంటీ పల్లెలన్నింటిలో కలిపి ఉన్నవాటికన్నా ఎక్కువ. ఇంటికొక ఓటంటే మరుసటి ఎన్నికలో బోర్డంతా పట్టణానిదే. వాళ్ల డబ్బు కావాలి, వాళ్ల ఓటు వద్దు. నా అభ్యంతరం మొదట అప్పు గురించే. ఇప్పుడు ఇదీ తోడైంది.

పాత టెలికాం ఇంజనీరు, విజయవాడ

బోర్డు భయంలో కొంత నిజం ఉంది. పట్టణంలో వీధికి యాభై ఇళ్లు, మీ పల్లెలో మైలుకు రెండో మూడో. రేపు తుపాను వచ్చి పది మైళ్ల లైను తెగితే, రెండు ఇళ్ల కోసం అంత ఖర్చెందుకని పట్టణం బోర్డు అడగదా? పెద్ద కంపెనీ అడిగింది ఆ ప్రశ్నే. ఎక్స్ఛేంజి ప్రాంతాలవారీగా డైరెక్టర్ స్థానాలు విభజిస్తే కొంత కాపాడుకోవచ్చు. పట్టణానికి ఇన్ని, పల్లెలకు ఇన్ని అని ముందే రాసుకోవాలి.

కెంటకీ నర్సు

ఓటు ఇవ్వనంటే ఆ పట్టణానికి వెళ్లవద్దు. నాదదే మాట. వదిలేసి వెళ్లిన కంపెనీ కూడా వాళ్లకు ఓటు ఇవ్వలేదు.

కాన్సస్ పల్లెవాసి

సవరణ తీర్మానం పెట్టాలంటే సభకు ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో, ఎంతమంది సంతకాలు కావాలో రేపు ఆఫీసులో అడుగుతాను. బ్యాటరీల సంగతి మాత్రం నోటీసు లేకుండానే సభలో లేచి అడగవచ్చు.

లెక్కల మనిషి, ఒహాయో

నిబంధనావళి ప్రతి కూడా అడిగి తీసుకోండి, సభ్యుడికి ఇవ్వనంటే ఎందుకో రాతపూర్వకంగా ఇమ్మనండి. అనుబంధ కంపెనీ అప్పుకు మాతృసంఘం హామీ ఉందా లేదా అని ఆడిటరును సభలోనే అడగండి. నేనైతే పట్టణానికి ఇప్పటికీ వద్దనే ఓటు వేస్తాను. మరో సంగతి, ఇలాంటి సభల్లో భోజనం, లక్కీ డ్రా అయ్యాక సగం మంది లేచి వెళ్లిపోతారు. మీ తీర్మానం డ్రా కంటే ముందు చర్చకు వచ్చేలా చూసుకోండి.