అప్‌డేట్: బెల్లం పాకం ఈసారి పలుకు కట్టలేదు

చిత్తూరు బెల్లంతో పాకం కాచి సీసాలో పోస్తే వారానికే అడుగున పలుకులు కడుతోందని అడిగాను కదా, నిమ్మరసం వేయమన్న అక్కకు ముందు థాంక్స్. అరకిలో బెల్లానికి గ్లాసు నీళ్లు పోసి కరిగించి, గుడ్డలో వడగట్టి (ఎంత ఇసుక వచ్చిందో, ఈ పని మాత్రం మానకండి), మళ్లీ పొయ్యి మీద పెట్టి పొంగు వచ్చాక అరచెక్క నిమ్మకాయ పిండాను. పులుపు తగిలితే చక్కెర కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది, అందుకే పలుకు కట్టదు. తీగపాకం రాకముందే, వేళ్లకు జిగురుగా అంటుకోగానే దించేశాను. ఇదివరకు మరీ ముదరనిచ్చేదాన్ని, అసలు తప్పు అదే. ఆరిన గాజు సీసాలో పోసి నెల దాటింది, తిరుపతిలో మా వంటింట్లో ఇంకా తేనెలా జారుతోంది. రాగి జావలోకి, దోసెల్లోకి పిల్లలు అడిగి మరీ వేయించుకుంటున్నారు.